ముట్టుకోని డాక్టరు

నిన్న తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ నా కడుపు మీద చెయ్యిపెట్టి "ఈడ నొప్పిగా ఉండాదా?" అని అడిగితే నాకు ఏడుపొచ్చేసింది.

మేం యానాదులం. నా చిన్నప్పుడు అమ్మ కడుపునొప్పితో మా పక్కూరి డాక్టరు దగ్గరికి పోయేది. పోయే ముందు తలకు పోసుకుని, ఉతికిన కోక కట్టుకునేది. ఆయన అందరినీ బల్లమీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూసేవాడు. అమ్మను మాత్రం వాకిట్లోనే నిలబెట్టి, రెండు మాటలడిగి, మాత్రలు పైనుంచి చేతిలో పడేసేవాడు.

"మనకైతే ముట్టుకోకుండానే జబ్బు కనిపెట్టేస్తాడు మా," అన్నాను దారిలో, గొప్పగా.

"అవును పాపా," అనింది అమ్మ, కుచ్చిళ్లు సర్దుకుంటా.

పెద్దాస్పత్రికి తీసుకుపోయేసరికి కడుపులో గడ్డ ముదిరిపోయింది. నొక్కి చూసుంటే ఎప్పుడో చేతికి తగిలేదని అక్కడి నర్సు చెప్పింది. అమ్మ దక్కలేదు.

నిన్న నేనూ తలకు పోసుకుని, ఉతికిన కోక కట్టుకునే పోయినాను.