తుప్పు గ్రూపులో యాకమ్మ

తెలిసిన మనిషి తెలియనట్టు అడిగితే అది అబద్ధం కిందికి వస్తుందా? ఈ మాట సారంగపాణి నన్ను అడిగి నాలుగేళ్లయింది. ఇప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను.

వరంగల్ చౌరస్తా వెనక సందులో అతను తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేసేవాడు. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. యాభై దాటిన మనిషి, పాలిటెక్నిక్ సగంలో ఆపేశాడు. కాంటా లోపలి చిప్పుకు ప్రోగ్రాం రాయాల్సి వచ్చి ముందు సి అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు, తరువాత రస్ట్. యంత్రానికి బాగా దగ్గరగా ఉండి పనిచేసే ప్రోగ్రాముల కోసం పుట్టిన భాష అది. రస్ట్ అంటే తుప్పే కదా అని, తెలుగులో సందేహాలు చెప్పుకునే వాట్సాప్ గ్రూపుకు ‘తుప్పు’ అని పేరు పెట్టాడు.

కాంటా తెచ్చినవాళ్లు ఫోన్ మీద ఆ పేరు చూసి, “ఏం పాణీ, తుప్పు వదిలిచ్చే పని గూడ మొదలువెట్టినవా?” అనేవారు.

“లేదన్నా, ఎక్కిస్తాన్న,” అనేవాడు.

నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడికి అతను నిఘంటువు కావాలని వచ్చి పరిచయమయ్యాడు. ఆ తరువాత పొద్దున పూట నేనే వెళ్లి అతని దుకాణంలో కూర్చునేవాణ్ణి. నా చేతిలో పుస్తకం, అతని ముందు విప్పిన కాంటా, పక్కన ఫోన్. గంటసేపు ఇద్దరం మాట్లాడుకోకపోయినా వెలితిగా ఉండేది కాదు.

నన్ను కూడా చేర్చుకున్న ఆ గ్రూపులో వంద మందికి పైగా ఉండేవాళ్లు. పరకాల, ములుగు, రఘునాథపల్లి నుంచి ఇంజనీరింగ్ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలే ఎక్కువ. కానీ ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి పరకాల అమ్మాయి హారిక ధైర్యం చేసింది. “ఒక్కసారి ఫంక్షన్‌కు ఇచ్చినంక నా వేరియబుల్ మళ్ల వాడనిస్తలేదు, ఎందుకు?” అని. రస్ట్‌లో ఒక విలువను ఇంకో పనికి అప్పగిస్తే అది ఇక మన చేతిలో ఉండదట, కొత్తవాళ్లు ముందు తడబడేది అక్కడేనట. హనుమకొండ శశాంక్ తెలివైనవాడే, నోరే దురుసు. “మొదటి పేజీలనే ఉంటది. చదువుడు వస్తదా అక్కా?” అన్నాడు. పది నిమిషాల్లో ఆ అమ్మాయి తన ప్రశ్న చెరిపేసుకుంది. వారం దాకా గ్రూపులో చప్పుడు లేదు.

“ఆ పిల్లకు రెండు నెలలల్ల కంపెనీ పరీక్ష ఉంది సార్,” అన్నాడు సారంగపాణి. “అడగకుంట కూసుంటె నౌకరి పోతది. ములుగుల కాంటాల దుకాణం చూసుకొమ్మని పిలుస్తాండ్రు గని, ఈమె ఒక దారికి వస్తెనే నేను కదిలేది.”

మరునాడు గ్రూపులోకి యాకమ్మ వచ్చింది.

“లైను చివరన సెమికోలన్ పెడితె ఒక తీరు, పెట్టకపోతె ఒక తీరు అయితాంది. ఎందుకయ్యా?” ఇదీ ఆమె మొదటి ప్రశ్న.

“యాకమ్మ అక్కా, ముందు పొయ్యి మీద కూర చూసుకో,” అన్నాడు శశాంక్.

“కూర దించే వచ్చిన బిడ్డా. ఇగ చెప్పు.”

గ్రూపంతా నవ్వింది. శశాంక్ చెప్పక తప్పలేదు. ఆ సాయంత్రమే హారిక తన పాత ప్రశ్న మళ్లీ పెట్టింది. యాకమ్మ ఒకటి అడిగితే హారిక రెండు అడిగేది. “అక్కా, నాకు గూడ గదే డౌట్,” అని మొదలుపెట్టేది. ఇప్పుడు పిల్లలు ఫోన్లోని ఏఐ యంత్రాన్నే అడుగుతున్నారట. దానికి విసుగూ లేదు, వెక్కిరింతా లేదు. నాకు మాత్రం ఆ నెలన్నర ముచ్చట్లే గుర్తొస్తుంటాయి.

ఒకరోజు డ్రాయర్లోంచి అద్దం పగిలిన పాత ఫోన్ తీసి అతను యాకమ్మ పేరుతో టైపు చేయడం చూశాను. నేను చూశానని అతనూ చూశాడు.

“మా అమ్మ పేరు సార్. బోర్డు చదువరాకపోయేది. బస్టాండ్ల నిలవడి పదిమందిని అడిగేది, ఏ బస్సు ఏడికి పోతదని. అడుగుడంటె సిగ్గే లేకుండె ఆమెకు.” ఫోన్ మళ్లీ డ్రాయర్లో పెట్టి ఆ మాట అడిగాడు. “తెలిసి తెల్వనట్టు అడిగితె అబద్ధమైతదా?”

నేను పేజీ తిప్పాను.

హారిక పరీక్షకు పది రోజులున్నాయనగా అతను నన్నొక తెలుగు మాట అడిగాడు. “వస్తువు నాదే. జరసేపు వాడుకోనిస్త. అదే వస్తువు నాకు మళ్ల రావాలె. ఇంగ్లీషుల బారో అంటరు. తెలుగుల ఏమనాలె?”

బదులు అనబోయి ఆగాను. బదులు తెచ్చిన ఉప్పుకు వేరే ఉప్పు తిరిగిస్తాం. “ఎరువు,” అన్నాను. “పెళ్లికి ఎరువు తెచ్చిన హారం ఆ హారంగానే తిరిగి పోవాలి. పాత మాట.”

అతని ముఖం విప్పారింది. అంత నచ్చిందేమో, తొందరలో వరస తప్పాడు. తన ఫోన్లో అర్థం చెప్పకముందే, యాకమ్మ ఫోన్లో ప్రశ్న పెట్టేశాడు. “ఎరువు తెచ్చుకున్నదాన్ని మళ్ల ఇంకొకరికి ఎరువు ఇయ్యొచ్చా?”

వ్యవసాయం ఇళ్ల పిల్లలు. “యూరియా బస్తానా అక్కా? సొసైటీల దొరుకుతలేదు, నాకొకటియ్యి,” అన్నాడొకడు. అందరూ అందుకున్నారు. రెండు నిమిషాలకు సారంగపాణి హారం సంగతితో సహా అర్థం వివరించాడు. ఆ వెంటనే హారిక ఫోన్ చేసింది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉండడంతో అతను స్పీకర్ మీద పెట్టాడు.

“సార్, మాకందరికి ఎరువంటె యూరియానే. మీరిప్పుడు చెప్తెనే ఇంకో అర్థం ఉన్నదని తెలిసె. యాకమ్మ అక్కకు ముందుగాల్నే ఎట్ల తెలుసు?”

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

“మీరేనా సార్?”

“నేనే బిడ్డా.”

“అంటె ఇన్ని రోజులు గ్రూపుల నాకంటె తెల్వనోళ్లు ఎవ్వరు లేకుండె గద.”

ఫోన్ పెట్టేసింది. ఎరువు అన్న మాట ఇచ్చింది నేను. అతనికి సరిపోయిందని మురిసిందీ నేనే.

ఆ పది రోజులూ హారిక ఏమీ అడగలేదు. అతను ఆమెకు ఏదో టైపు చేసి చెరిపేసేవాడు. పరీక్ష అయిపోయింది. ఎట్లా రాసిందో మాకు తెలియలేదు.

ఓ శనివారం రఘునాథపల్లి నుంచి అనిల్ అని కొత్తగా చేరిన పిల్లవాడు అడిగాడు. “ఒక లిస్టును చదువుకుంటనే దాంట్ల కొత్తది కలుపుతాంటె రస్ట్ తిడుతాంది. ఏం తప్పు?” శశాంక్ ఏదో టైపు చేస్తున్నట్టు చూపించింది. ఆ లోపలే హారిక రాసింది.

“ఇది నాకు పరీక్షల వచ్చింది తమ్మీ. తప్పు రాసిన. నౌకరి రాలే. అడిగి ఉంటె వచ్చేది, అడగలే. న్యూస్ పేపర్ పదిమంది చదువొచ్చు. దాంట్ల గళ్లనుడికట్టు నింపెటోడున్నప్పుడు మాత్రం ఇంకెవ్వరి చేతిల ఉండొద్దు. నీ కోడ్ పెట్టు, చూద్దాం. సిగ్గుపడకు.”

సారంగపాణి ఆ మెసేజ్ నాకు చదివి వినిపించాడు. రెండోసారి తనలో తానే చదువుకున్నాడు. “ఈ కాంటా ఇచ్చొస్త సార్,” అని స్కూటర్ తీశాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, రాలేదు. నా ఫోన్ తీసి చూస్తే గ్రూపు సభ్యుల పట్టికలో హారిక పేరు పక్కన అడ్మిన్ అని ఉంది. గ్రూపులో ఆమె మెసేజ్ కింద యాకమ్మ వెళ్లిపోయినట్టు, ఆ కింద సారంగపాణి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాలు.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది. పక్క దుకాణం నర్సయ్య చాయ్ తాగుతూ నన్ను చూశాడు.

“నిన్ననే సామానంత ఆటోల ఏసుకొని ములుగు పోయిండు సార్. మీకు చెప్పలేదా?”