ఉప్పునీళ్ల కుక్క

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మా వైపు కుర్రాళ్లకు ఉద్యోగమంటే హోసూరులో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోవడమే. అందరూ యూనిఫారాలు తొడుక్కుని కంపెనీ బస్సులు ఎక్కుతుంటే నేను మాత్రం కుక్కల వెనక కాళ్లు చూసే పనిలో చేరాను. (పెళ్లిచూపుల్లో మాత్రం ‘మెడికల్ లైన్’ అని చెప్పుకున్నాను.) ఆ పనిలో ఉండగా నేను చేసిన ఒక ఘనకార్యం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి అడిగారు. నా ఎదురుగా నిలబడి, కోప్పడనని చెప్పి మరీ అడిగారు. నేనే గోడమీది క్యాలెండర్ చూస్తూ తప్పించుకున్నాను.

హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే హైవే పక్కన చిన్న జంతువుల ఆస్పత్రి మాది. అక్కడి డాక్టరమ్మ వయసులో నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో గాని పట్టుదలలో మా నాన్నకంటే పెద్దది. వెన్నుపాము దెబ్బతిని నడుము పడిపోయిన కుక్కలకు, వాటి ఎముకల మూలుగలోంచే కణాలు తీసి, పెంచి, దెబ్బ తగిలిన చోట ఎక్కిస్తే కాళ్లు మళ్లీ కదులుతాయా అని ఆమె పరీక్షిస్తూ ఉండేది. హైవే మీద లారీల పుణ్యమా అని కుక్కలకు కొరత లేదు. కొన్నిటికి కణాలు, కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్లు. దేనికి ఏది పడిందో మా పెద్ద డాక్టరుగారికి తప్ప ఆమెకు కూడా తెలియకూడదు. తెలిస్తే, కణాలు పడిన కుక్క తోక ఊపినా మన కంటికి నడిచినట్టే కనిపిస్తుందట. ఇంకో నియమం, అన్ని కుక్కలకూ ఒకటే తిండి, ఒకటే సేవ. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ చేస్తే ఏది దేనివల్ల లేచిందో తేలదు. నాకూ ఏమీ తెలియకూడదు గాని, సిరంజి అందించేది నేనే కదా! దాని చుట్టూ ప్లాస్టర్ అంటించినా మొన దగ్గర సందులోంచి నాకు కనిపించేది; డాక్టరమ్మ కావాలనే అటు చూసేది కాదు. కణాలున్నది గంజితేటలా మబ్బుగా ఉంటుంది, ఉప్పునీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

ఒకరోజు కుందారపల్లి నుంచి గొర్రెల మామ (నాకేమీ కాడు, ఊరందరికీ మామే) మామిడికాయల బుట్టలో తన కుక్కను మోసుకొచ్చాడు. నల్లగా ఉంటుందని దాని పేరు కరియ. మందను రోడ్డు దాటిస్తుంటే లారీ తగిలి, వెనక కాళ్లు రెండూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. డాక్టరమ్మ మామకు నీళ్ల సంగతి, కణాల సంగతి ఓపికగా చెప్పింది. సూది పడింది. సందులోంచి చూశాను. నీళ్లే. బయటికి రాగానే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, మా కరియకి నిజం మందే యేసినారు గదా? నీళ్లు గాదు గదా? ఇది లేస్తే నా మంద నిలస్తాది. లేకుంటే గొర్రెలన్నీ ఆ రోడ్డుకే బలి."

‘నాకు తెలీదు’ అనాలి. "నిజం మందే మామా, నా కండ్లతో చూసినాను" అన్నాను.

"నీ నోట్లో చక్కెర పొయ్య!" అని కరియను మా దగ్గరే వదిలి వెళ్లిపోయాడు. ఆ చక్కెర నాకు చేదుగా తగిలింది. చెప్పినదాన్ని ఎలాగైనా నిజం చెయ్యాలనిపించింది. డాక్టరమ్మ సాయంత్రం బస్సెక్కగానే కరియ పొట్ట కింద తుండుగుడ్డ వేసి నడుము పైకెత్తి పట్టుకునేవాడిని. రెండో చేత్తో దాని ముక్కు ముందు హైవే హోటల్ పరోటా, సాల్నా అనే కారం పులుసులో ముంచి. అది ముందుకు లాగేది, నేను వంగి వెనకాల పరుగెత్తేవాడిని.

వాచ్‌మన్ తాత బీడీ తాగుతూ చూసేవాడు. "నువ్వు కుక్కని నడిపిస్తా ఉండావా, కుక్క నిన్ను నడిపిస్తా ఉందా అబ్బోడా?" అనేవాడు.

మొదట ఒక వేలు కదిలింది. కొన్ని వారాలకు పాదం నేలమీద ఆనింది. ఆ తరువాత ఒక సాయంత్రం, తుండుగుడ్డ వదిలేసినా, సారా కొట్టు నుంచి ఇంటికి పోయే మనిషిలా ఊగుతూ తూలుతూ నాలుగు కాళ్లమీద వచ్చి పరోటా లాక్కుంది. నాకు కళ్లు చెమర్చాయి. సాల్నా చెయ్యని మరిచిపోయి తుడుచుకున్నాను. ఆ తరువాత నిజంగానే ఏడ్చాను.

కరియ ఇంటికి నడిచిపోయిన వారానికి కుందారపల్లి సగం మా గేటు ముందు దిగింది. కుంటి మేకలు, నడుము పట్టిన ఎద్దు, వాటి వెనక గొర్రెల మామ బావమరిది. "మోకాళ్లు లాగతా ఉండాయి డాక్టరమ్మా. ఆ సూది నాకూ ఒగటి యెయ్యి. నేనేమి కుక్క కంటే తక్కువా?" అన్నాడాయన. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను చూడటం అదే ఆఖరు.

ఎందుకంటే ఆ మధ్యాహ్నమే పెద్ద డాక్టరుగారు గుట్టు విప్పారు. కణాలు పడిన కుక్కలు కొంచెం కొంచెం కాళ్లాడించాయి. అన్నిటికంటే బాగా నడిచింది ఉప్పునీళ్ల కుక్క. అంటే కణాల గొప్ప ఏమీ లేనట్టే లెక్క. డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"కరియకి నువ్వు వేరేగా ఏమన్నా చేసినావాప్పా? కోప్పడను, చెప్పు."

గోడమీద మామిడిపండ్ల మండీవాళ్ల క్యాలెండర్ ఉంది. అందులో పండ్లు ఎంత బాగున్నాయో! "లేదు మేడం" అన్నాను.

ఆమె నమ్మింది. "అయితే నా చేతిలోనే ఏదో తప్పుంది" అంది మెల్లగా. కొన్నాళ్లకు ఆ పని ఆగిపోయింది. ఆమె ఆవులకు టీకాలు వేసే ఉద్యోగంలోకి వెళ్లిపోయింది, నేను ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోయాను.

మొన్నీమధ్య మా ఇంటి కుక్కపిల్లకు సూది వేయించడానికి కృష్ణగిరిలో ఒక క్లినిక్‌కు పోతే కుర్చీలో ఆమే ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి "ఏమప్పా, బాగుండావా?" అంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను, తుండుగుడ్డతో సహా.

"పరోటానా?" అంది. "సాల్నాతోనా?" నవ్వింది. కుక్కపిల్ల చెవి నిమురుతూ ఉండగా ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"కొన్ని కుక్కలు వాటంతట అవే లేస్తాయప్పా. కరియ అట్ల లేచిందో, నీ తుండుగుడ్డకి లేచిందో ఇంక తెలీదు. నేను మాత్రం నా చెయ్యి మంచిది కాదనుకుని ఆ సూది మళ్లీ ముట్టలేదు."

ఆ గదిలోనూ గోడకు ఒక క్యాలెండర్ ఉంది. నాలో ఇంకా మిగిలి ఉన్న ఆ కుర్రవాడి మెడ అటే తిరగబోయింది. పాపం, వాడికి చేతనైంది అదొక్కటే. వాడి పొట్ట కింద తుండుగుడ్డ వేసి ఎత్తినట్టు ఎత్తి, ఆమె ముఖం ఎదురుగా నిలబెట్టాను.

"మీ చెయ్యి మంచిదే మేడం. అబద్ధం నాది. ఆ పొద్దు మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది. నన్ను మన్నించండి."