దీపాల వేళ ఆపిన మాట

నా చిన్నప్పుడు బెజవాడలో, బందరు కాలువకు కాస్త ఇవతల, మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఒకటే అరుగు ఉండేది. రెండూ పెంకుటిళ్ళే. పక్కిల్లు పరుపుల మామయ్యది. ఆయన దూదేకుల సాయిబు. పాత పరుపులు విప్పి, గట్టిపడిపోయిన దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇచ్చేవాడు. ఆ విల్లు తీగ మోత వింటూనే నేను తల దువ్వుకుని బడికి వెళ్ళేదాన్ని. మోత వినపడని రోజున మా నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏం అబ్బాయ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేది.

ఆ ఇల్లు ఆయన సొంతం. ఒక్కసారిగా కట్టిందేమీ కాదు. ముందు గోడలు లేపి పైన తాటాకు కప్పుకున్నాడట. కొన్నేళ్ళకి దూలాలు, వాసాలు, ఆ తర్వాత పెంకులు వచ్చాయి. పెంకులు వేయించిన ఏడాది వాళ్ళింట్లో పండక్కి కొత్త బట్టలు లేవని అత్తయ్య, అంటే ఆయన భార్య, నవ్వుతూ చెప్పేది. కుట్టిన పరుపులు ఇచ్చి రావడానికి బయల్దేరేటప్పుడు ఆయన గుమ్మాన్ని ఒకసారి చేత్తో తడిమి వెళ్ళడం నాకింకా గుర్తుంది.

మా నాయనమ్మకి మాటల పట్టింపు ఎక్కువ. బియ్యం అయిపోయాయంటే ఊరుకోదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. ఇక దీపాలు పెట్టే వేళ అయితే మా నోళ్ళకి తాళమే. చెడ్డ మాట అంటే చెడు వస్తుందని ఆవిడ నమ్మకం. పరుపుల మామయ్యకి నాయనమ్మ మాటంటే ఎంత గురో చెప్పలేను. కూతురి పెళ్ళి సంబంధం కూడా ఆవిడతో ఓ మాట అనుకున్నాకే ఖాయం చేశాడు.

ఒక శుక్రవారం సాయంత్రం, నాయనమ్మ గూట్లో దీపం పెట్టి ఇంకా చెయ్యి దించకముందే, చేతిసంచీతో ఒకాయన అరుగు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెప్పులనిండా దుమ్ము. ఇన్సూరెన్సు మనిషి. జీవితానికే కాదు, ఇళ్ళకి కూడా చేస్తామని మొదలుపెట్టాడు. పరుపుల మామయ్య అప్పుడే పని ముగించి, మీసాలకంటిన దూది దులుపుకుంటూ కూర్చున్నాడు. "మాలాంటి దూది పనివాళ్ళ ఇళ్ళకి కూడా చేస్తారాండీ?" అని అడిగాడు.

"తప్పకుండా చేస్తామండి. ఇప్పుడూ, ఒకవేళ మీ ఇల్లు కాలిపోయిందనుకోండి..."

అంతే. మా నాయనమ్మ లోపలినుంచి వచ్చేసింది. "చదువుకున్నవాడివి, శుక్రవారం పూట దీపం ముందు నిలబడి అనే మాటేనయ్యా అది? పిల్లాపాపలతో పచ్చగా ఉన్న కొంపలు. వెళ్ళిరా నాయనా." కోపంగా కాదు, ఇంట్లో పిల్లాడికి చెప్పినట్టే చెప్పింది. ఆయన నొచ్చుకుని చేతులు జోడించాడు. పరుపుల మామయ్య ఆయన్నీ నాయనమ్మనీ చూసి, "పెద్దమ్మగారు చెప్పారు కదండీ, ఇంకోసారి చూద్దాంలెండి," అన్నాడు. సంచీ మనిషి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఇంట్లోకి వెళ్ళి దీపానికి ఇంకో చుక్క నూనె పోసింది.

ఆ ఏడు చలికాలం మొదట్లో పరుపుల మామయ్య కూతురు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. చలి మొదలయ్యే రోజుల్లో ఊరందరి పరుపులూ ఆయన ఇంట్లోనే ఉండేవి. మా నాయనమ్మ పరుపు కూడా ఇచ్చాం. అది ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు తమ చేలో పండిన పత్తితో కుట్టించి ఇచ్చింది. గుడ్డ ఎన్నిసార్లు మారినా దూది మాత్రం అదేనని గొప్పగా చెప్పుకునేది.

పురిటి ఇళ్ళలో ఏం చేస్తారో మీకు తెలుసు. పసిదానికి నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేస్తారు. బాలింత జుట్టుకీ వేస్తారు. ఆ రోజు పొద్దున అత్తయ్య అదంతా చేసి, నిప్పుల గిన్నెని రోజూ పెట్టే కిటికీ పక్కనే పెట్టింది. ఎవరో దిండు తెచ్చి గుమ్మంలో పిలిస్తే వెళ్ళింది. గాలికి ఒక రవ్వ లేచి పక్కగదిలోని దూదిలో పడి ఉంటుంది. గట్టిపడిన పాత దూది భగ్గుమని మండదు. లోలోపల రాజుకుంటుంది. పొగ వస్తూనే ఉంది, మేమంతా చూస్తూనే ఉన్నాం. పురిటి ఇంట్లో పొద్దున్నే పొగ రావడం మామూలే కదా. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని, "ఇవాళ సాంబ్రాణి కాస్త ఎక్కువ వేసినట్టుంది," అనడం నా చెవులారా విన్నాను.

తెలిసేసరికి కాలువ నుంచి బిందెలతో నీళ్ళు మోసినా లాభం లేకపోయింది. పసిదాన్నీ తల్లినీ ముందే బయటికి తెచ్చారు, అదొక్కటే దేవుడి దయ. గాలి అటువైపు ఉండబట్టి మా ఇంటికి గోడ నల్లబడటంతో సరిపోయింది. ఎక్కడో పరుపు అప్పగించడానికి వెళ్ళిన మామయ్య తిరిగి వచ్చేటప్పటికి పెంకులు లోపలికి కూలిపోతున్నాయి. ఆయన పరుపు కట్టుకెళ్ళిన తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మనిషిని అలా చూస్తే నాకు చాలా భయం వేసింది.

మధ్యాహ్నానికి పరుపులు ఇచ్చినవాళ్ళంతా పోగయ్యారు. అందరి చూపూ లోపల పొగలు కక్కుతున్న కుప్ప మీదే ఉంది. మామయ్య తల ఎత్తలేకపోతున్నాడు. తన ఇల్లు పోయిందన్న దుఃఖం కంటే జనం సొమ్ము తన చేతిలో పోయిందన్న సిగ్గు ఆయన్ని ఎక్కువ కుంగదీసిందని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. అప్పుడు మా నాయనమ్మ అందరికీ వినపడేలా అంది. "మా పరుపు మొన్ననే తెచ్చేసుకున్నాం కదా అబ్బాయ్. మాదేమీ పోలేదు."

ఆ పరుపు ముందురోజు సాయంత్రం ఆయన విప్పి లోపల దూది కుప్ప పోయడం నేనే చూశాను. ఆయనకీ తెలుసు. ఆవిడ వైపు ఒకసారి చూసి, పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకావిడ తమది చిరిగిపోయిందేననీ, పారేద్దామనుకుంటున్నదేననీ అంది. మరొకాయన తమకి ఇంట్లో ఇంకోటి ఉందన్నాడు. ఆ చలికాలం మా వీధిలో చాలా ఇళ్ళలో చాపల మీదే పడుకున్నారు.

మంచితనానికి మా వీధిలో లోటు లేదని అప్పుడు చూశాను. బియ్యం ఇచ్చారు, గిన్నెలు ఇచ్చారు, పసిదానికి పాత చీరలు ఇచ్చారు. ఆ కుటుంబం మా అరుగు మీద, మా వసారాలో కొన్నాళ్ళున్నారు. కానీ రోజులు గడిచేకొద్దీ సాయం చేసేవాళ్ళు తగ్గారు. వాళ్ళని తప్పు పట్టను, ఎవరి సంసారం వాళ్ళకుంది. అన్నం పెట్టగలం, చీర ఇవ్వగలం. ఇల్లు ఎవరు ఇవ్వగలరు? మామయ్య రోజూ పొద్దున్నే వెళ్ళి, కప్పులేని గోడల మధ్య నిలబడి వచ్చేవాడు. విల్లు కాలిపోయింది కాబట్టి మోత లేదు. నేను నిశ్శబ్దంలోనే తల దువ్వుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆ ఇన్సూరెన్సు మనిషి మళ్ళీ వచ్చాడు. ఎవరి నోటో విని వచ్చాడట. కాలిన గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను ముందే చెప్పానుగా అన్న మాట ఆయన నోట్లోంచి రాలేదు, ఆ మర్యాద నేనిప్పటికీ మరిచిపోను. వెళ్ళిపోబోతుంటే నాయనమ్మ పిలిచింది. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. అప్పుడే దీపాల వేళయింది. లేచి గూట్లో దీపం పెట్టి వచ్చి, ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చుంది.

"ఆ రోజు నీ మాట సగంలో ఆపాను బాబూ. ఇప్పుడు చెప్పు, మొత్తం చెప్పు."

ఆయన దీపం వైపు చూసి తటపటాయించాడు. ఫరవాలేదు చెప్పమంది. ఇళ్ళున్నవాళ్ళు ఎంతోమంది ఏటా కాస్త కాస్త డబ్బు వేస్తారనీ, అందులో ఏ ఇంటికి ఆపద వస్తే ఆ ఇల్లు నిలబెట్టుకోవడానికి దాంట్లోంచి ఇస్తారనీ చెప్పాడు. నిప్పొక్కటే కాదట, గాలివానకి కప్పు లేచిపోయినా, దొంగలు పడ్డా దేనికి కావాలంటే దానికి రాయించుకోవచ్చట. ఏదీ జరగకపోతే వేసింది తిరిగి రాదని కూడా దాచకుండా చెప్పాడు. నాయనమ్మ మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా వింది.

"అంటే ముక్కూమొహం తెలియనివాళ్ళంతా కలిసి ఒక ఇల్లు లేపడమన్నమాట," అంది చివరికి. "మా అబ్బాయికి కావలసింది అదేగా. నేనే అడ్డం పడ్డాను." ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. వసారాలో ఉన్న మామయ్య వచ్చి కింద కూర్చున్నాడు. "మీరేం చేస్తారు పెద్దమ్మగారూ, మా మంచి కోరే చెప్పారు," అన్నాడు. ఆ మాట ఆవిడకి ఓదార్పు కాలేదు. ఇంకా ఎక్కువ ఏడ్చింది. మంచి కోరే మనిషి వల్ల కూడా నష్టం జరుగుతుందని నేను తెలుసుకున్నది ఆ రోజే.

సంక్రాంతి రాకముందే మామయ్య స్థలం అమ్మేసుకుని, చల్లపల్లిలో అత్తగారి వైపు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఇంకొకరి కింద కూలికి దూది ఏకేవాడని తెలిసింది. మళ్ళీ ఇల్లు కట్టుకున్నాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్ళే రోజున, కాలిపోయిన ఆ గుమ్మాన్నే అలవాటు కొద్దీ చేత్తో తడిమి బండెక్కాడు. అరచేతికి మసి అంటింది. మా ఇంటికి నాయనమ్మ ఆ నెలలోనే ఇన్సూరెన్సు చేయించింది. పరుపు మాత్రం మళ్ళీ కుట్టించుకోలేదు. మా నాన్న ఎన్నిసార్లు అడిగినా, ఆ అబ్బాయి వచ్చి కుడితే చూద్దామనేది. చివరిదాకా చాప మీదే పడుకుంది.

ఇప్పుడు నేను అపార్టుమెంటులో ఉంటున్నాను. ఇక్కడ దూలాలు లేవు, దూది కుప్పలు లేవు. కానీ గ్యాసు గొట్టం ఉంది, గీజరు ఉంది, మేం ఊరెళ్ళినప్పుడు పైవాళ్ళ వాషింగ్ మెషీన్ పైపు ఊడి మా పడకగది తడిసి ముద్దయిన సంగతీ ఉంది. పోయినేడు ఎదురు ఫ్లాటులోకి కొత్తగా ఒక జంట దిగారు. పాలు పొంగించిన రోజు సాయంత్రమే వెళ్ళి, ఇంటికి ఇన్సూరెన్సు చేయించుకున్నారా అని అడిగాను. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని, "ఇవాళే అవేం మాటలు ఆంటీ," అంది. తిట్టుకుంటే తిట్టుకోనీ అని అక్కడే కూర్చుని, ఈ కథంతా చెప్పాకే లేచాను. ఈ ముసలిదానికి చాదస్తమని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.

మా పాలసీ గడువు ఏటా ఈ చలి రోజుల్లోనే వస్తుంది. పగలంతా ఖాళీగానే ఉంటాను, అయినా పొద్దున ఆ పని చెయ్యను. సాయంత్రం దీపం పెట్టి, దాని ముందు కూర్చుని, మా అబ్బాయిని ఫోను తీసి కట్టెయ్యమంటాను. దేనికమ్మా అని వాడు ఆటపట్టిస్తాడు. ఇల్లు కాలిపోతే అని, ఏమీ మార్చకుండా, పైకే అంటాను. అన్నాక ఒకసారి అటు చూస్తాను. దీపం మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది.