ఎడమకు తిరిగిన బుల్‌బుల్ తారా

ఊరంతా 'కాకా' అని పిలిచే ప్రకాశం చేతికి ఏ వాయిద్యం చిక్కినా సరే, దాన్ని ఎడమచేతి వాటానికి తిప్పేస్తాడు. జనగామలో ఆయనది ఇత్తడి సామాన్ల దుకాణం. ఒక పక్క బిందెలు అమ్ముతూనే, ఇంకో పక్క ఎవరిదో మాండలిన్ తీగలు విప్పి, వరస మార్చి బిగిస్తుంటాడు. భజనలో తబలా వాయించేవాడు చాయ్ తాగి వచ్చేసరికి కుడిది ఎడమకు, ఎడమది కుడికి చేరి ఉంటాయి.

"ఏంది కాకా గిది?"

"జర గిట్ల కొట్టి చూడు, మజా వస్తది!"

వింత ఏమిటంటే, కాక తినేది, రాసేది, తూకం వేసేది అంతా కుడిచేత్తోనే.

సకల జనుల సమ్మె రోజులవి. రోడ్లమీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. కురవి దిక్కు నుంచి వచ్చిన పాటగాడు రాంజీ, తీగ తెగిన మాండలిన్‌ను కాకకు బాగుచెయ్యమని ఇచ్చాడు. కాక సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు పాపం! మర్నాడు వేదికెక్కి "జై తెలంగాణ!" అని గర్జించి తీగ మీటాడు. తోక తొక్కిన పిల్లిలా అరిచింది మాండలిన్. కాపలా పోలీసులు టోపీలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నా మాండలిన్‌ను ఏం జేసినవ్ కాకా?"

"తిప్పిన బిడ్డా. నువ్వు గూడ జర తిరుగు!"

నవ్వనిది సుమ ఒక్కతే. ఆమె సైన్సు టీచరు. కూతురు లీలావతిది ఎడమచేతి వాటం. మరునాడు వేదికమీద పిల్లల పాటకు లీలావతి బుల్‌బుల్ తారా వాయించాలి. ఎడమచేత్తో బొత్తాలు నొక్కుతూ కుడిచేత్తో తీగ మీటాలి. ఆ పిల్లకు కుడిచెయ్యి తడబడుతోంది. "సక్కగ మీటితెనే స్టేజీ. లేకుంటె చప్పట్లు కొట్టు" అనేశాడు పాట నేర్పే వెంకటేశ్ సార్. అప్పటినుంచి పిల్ల ఎడమచేతిని గౌను జేబులోంచి తియ్యడం లేదు. ఎడమచేతి వాటం మెదడులోంచి వచ్చేదని సుమ బడిలో పాఠం చెబుతుంది. ఇంట్లో అన్నం దగ్గర మాత్రం "ఆ చెయ్యి కాదు!" అంటుంది. నలుగురూ నవ్వితే పిల్ల ఏమైపోతుందోనని ఆమె భయం.

ఆ సాయంత్రం దుకాణం ముందునుంచి పోతుంటే కాక కేకేశాడు. "సుమా, ఆగు! బిడ్డా, జేబుల చెయ్యి బయటికి తియ్!"

గుడ్డ విప్పాడు. బుల్‌బుల్ తారా! బొత్తాలు కుడిచేతికి, తీగలు మీటే చోటు ఎడమచేతికి. అచ్చం అద్దంలో చూసినట్టు!

"గిది ఎప్పుడు జేసినవ్ కాకా?"

"నీ బిడ్డ పాకేటప్పుడే నా గిన్నెలన్ని ఎడమచేత్తోని మోగించింది గద. గప్పుడే అనుకున్న. కని నాకు పని రావాలె గద? ఊరోళ్ల సామాన్ల మీద నేర్చుకున్న."

"అంటే గవన్నీ..."

"ఖరాబైనయి. నేర్చుకోవద్దా మరి?"

చీకటి పడేదాకా బిందెల మధ్య కూర్చుని వాయిస్తూనే ఉంది లీలావతి. మర్నాడు వేదికమీద వెంకటేశ్ సార్ ఎప్పటిలాగే "కుడిచేత్తోని!" అన్నాడు. ఈసారి సుమే ముందుకొచ్చింది.

"గిది ఎడమచేతిది సార్. కావాలంటే మీరే మీటి చూడుండ్రి."

సార్ మీటాడు. మళ్లీ పిల్లి అరిచింది! జనం ఘొల్లుమన్నారు. ఆ తర్వాత లీలావతి మీటింది. పాట పరుగెత్తింది. గరిటెలు పట్టుకున్నవాళ్లు గరిటెలతోనే అడుగులేశారు. పంక్తిలో పిల్ల ఎడమచేత్తో ముద్ద ఎత్తుకుంటే సుమ ఇంకో గరిటెడు పప్పు వేసిందే తప్ప మాట అనలేదు.

రాంజీ మాండలిన్ పట్టుకుని కాక పక్కకు జరిగాడు. "ఇగ పనైంది గద కాకా, నాది మళ్ల కుడికి తిప్పియ్యరాదే!"

కాక తల గోక్కున్నాడు. "గది నాతోని కాదు బిడ్డా. నేను ఎడమకే నేర్చుకున్న!"