అవ్వ ఒడిలో మూడొందల మంది

మొన్న ఆదివారం మా అమ్మాయి బొటనవేలంత అడాప్టర్ ఒకటి తెప్పించి, దాని ఒక కొసను అటక మీద దొరికిన పాత హార్డ్ డిస్కుకూ, రెండో కొసను ల్యాప్‌టాప్‌కూ తగిలించి, నేను కళ్లజోడు వెతుక్కునేలోగా మా అక్క పెళ్లి వీడియోను తెర మీద ఆడించేసరికి, ఒకప్పుడు ఇదే పనికి నేను పడిన పాట్లన్నీ గుర్తొచ్చి నవ్వూ ఉక్రోషమూ కలిసి పొంగుకొచ్చాయి.

అప్పట్లో నాకు నంద్యాలలో ఒంటి కంప్యూటర్‌తో టైపింగ్ షాపు ఉండేది. ఆళ్లగడ్డలో మా ఇంటి కంప్యూటరేమో పిడుగుపాటుకు మాడిపోయింది. పెళ్లి వీడియో దాని డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. తనను తాను తెర మీద ఒక్కసారీ చూసుకోని మా అవ్వ, అది పోయిందేమోనని వారం రోజులు అన్నం ముట్టలేదు. సరే, ఒక పూట ముట్టలేదు. నా చేతికి నమ్మి ఇవ్వక, డిస్కును శాలువాలో చుట్టి ఒడిలో పెట్టుకుని నాతోపాటు తానూ బస్సెక్కింది.

“ఏందవ్వా అది, పసిబిడ్డనా?” అన్నాడు కండక్టరు.

“మా మనవరాలి పెండ్లప్పా. మూడొందల మంది ఉండారు ఇందులో.”

“అందరికీ టికెట్లు కొట్టాల్నా?”

“కొట్టుకో పో! అందరూ బువ్వ తినే కూసోనుండారు.”

బస్సు నవ్విన నవ్వుకు డ్రైవరు బ్రేకు వేశాడు.

షాపులో నా కంప్యూటర్ కడుపు విప్పి, నా డిస్కు ఉన్న తీగకే దీన్నీ తగిలించాను. రెండూ మూగనోము పట్టాయి. అవ్వ ముఖం వాడిపోయింది. అప్పుడు వెలిగింది నాకు: ఒక తీగ మీద ఒకటే మాస్టర్‌గా ఉండాలి, రెండోది దాని కింద అణగాలి, ఇక్కడ రెండూ మాస్టర్లే! సంగతి చెప్పగానే అవ్వ, “వాళ్లింటికి వచ్చినోళ్లం, మనదే తగ్గాలప్పా” అని తీర్పిచ్చి, మెడలో గొలుసుకు వేలాడే పిన్నీసు తీసిచ్చింది. దాంతో, డిస్కు మాస్టరో కాదో తేల్చే, కందిబేడలో సగమైనా లేని క్లిప్పును ఇంటి డిస్కు నుంచి పీకి, పక్కకు మార్చాను.

వీడియో వచ్చింది! టీ అంగడి, జెరాక్సు అంగడి, వీధికి వీధే నా షాపులో దూరింది. పందిట్లో వడ్డించేవాణ్ణి నెయ్యి తక్కువేశాడని కసురుతూ అవ్వ కనబడగానే, “ఆపు, ఆపు! ఆడ నేనుండా!” అని అరిచింది. అట్లా ఎన్నిసార్లు ఆపించిందో! ఆపిన ప్రతిసారీ వీధంతా చప్పట్లే. అరగంట వీడియో మధ్యాహ్నమంతా నడిచింది.

మొన్న మా అమ్మాయి పెట్టిన వీడియో మాత్రం ఎక్కడా ఆగలేదు. అవ్వ వచ్చింది, కసిరింది, పోయింది. ఆపమనేవాళ్లు లేక, అరగంట పెళ్లి అరగంటలోనే అయిపోయింది.