వినబడని చెవి వైపు

మా ఉస్తాద్ పోయాడన్న కబురు మొన్న పొద్దున సరిగ్గా పాకం దించే వేళకు వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, పాకం దించాకే ఏడ్చాను. ముందే ఏడిస్తే బెల్లం మాడేది. ఆయన పాడె మీదనే మొహం తిప్పుకునేవాడు.

రుద్రూర్ అవతల చెరుకు తోటల నడుమ ఆయన బెల్లం బట్టీలో ఇరవై ఏళ్ల వయసులో చేరాను. పదో తరగతి తప్పినవాడికి కూడు పెట్టిన విద్య అదే. అక్కడ పాఠాలు ఉండవు. ఏమన్నా అడిగితే, "నోటితోని జెప్తే చెవులనే ఉంటది. సూడు, చేతులకొస్తది" అనేవాడు. చూసేవాణ్ణి. అయితే పని కోసం కాదు, ఆయనలా చేసి నలుగురినీ నవ్వించడానికి.

పాకం ముదిరేటప్పుడు బుడగల చప్పుడు మారుతుంది. ఉస్తాద్ కుడి చెవిని పెనం మీదికి వంచి వినేవాడు. కిటుకు అందులోనే ఉందనుకుని పనివాళ్లమందరం కుడి చెవే వంచేవాళ్లం.

ఒకరోజు ఆయన అటు వెళ్లగానే గరిట అందుకుని ఆయనలాగే వంగాను. పెదవి కొరికాను, జారే పంచె ఎగదోసుకున్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగింది. నా వెనక ఉస్తాద్ ఉన్నాడు.

ఆయన మెడ నరం ఉబ్బింది. దెబ్బ పడిందే అనుకున్నాను. ఆయన నీళ్ల తొట్టిలో మోచేతి దాకా చేయి ముంచి, ఆ నరం దిగేదాకా నిలబడ్డాడు.

"అన్నీ మంచిగనే పట్టినవ్ రా. చెవి వంచుడు నీకెందుకు? నాకు ఎడమ చెవి చిన్నప్పటిసంది ఇనరాదు. నీకు రెండూ మంచిగున్నయ్ గద."

తప్పైందనాల్సిన చోట నేనేమన్నానో తెలుసా? "అయితే మేం తిట్టినయ్ సగమే ఇన్నవన్నట్టు, ఉస్తాద్!"

ఆయన మళ్లీ తొట్టిలో చేయి ముంచాడు. తర్వాత, "పాకం నువ్వే దించు" అన్నాడు.

ఆయన పనంతా నాకు వచ్చింది, ఆ చేయి ముంచడం తప్ప. తర్వాత నేను సొంతంగా పెట్టిన బట్టీలోనూ తొట్టి పెట్టుకున్నాను. చేయి తడిసేలోపే నోరు జారుతుంది. పోయినేడు పెనం కాడ పనిచేసే అక్క ఒకామె నా మాటలు పడలేక రావడమే మానేసింది.

నెల కింద ఆయనకు బాగాలేదంటే చూడబోయాను. మంచానికి రెండు వైపులా చోటుంది. నేను ఎడమ వైపు కూర్చున్నాను. "ఆ దినం తప్పైంది ఉస్తాద్" అని మెల్లగా అన్నాను. వినబడకూడదనే అక్కడ కూర్చున్నాను, మీ దగ్గర దాచేదేముంది. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు. అన్నీ చూసే నేర్చుకున్న మనిషి, ఏం పట్టుకున్నాడో తెలియదు. "ఛాయ్ తాగినవా?" అన్నాడు, అంతే.

మళ్లీ వెళ్లి కుడి వైపు కూర్చోవాలనుకున్నాను. చెరుకు సీజన్ అడ్డమొచ్చిందని చెప్పొచ్చు గానీ, అడ్డమొచ్చింది నా పిరికితనం.

మొన్న ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కుడి చెవి దగ్గర కూర్చుని, అందరికీ వినబడేలా, "తప్పైంది ఉస్తాద్, మాఫ్ చెయ్" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నెరిగినవాళ్లే. దీని వెనక ఎప్పటిలా ఏదో వెటకారం వస్తుందని ఒక్కొక్కరి మొహంలో నవ్వు సిద్ధమవుతోంది. నేను తల దించుకున్నాను. ఎదురుగా ఒకతను తువ్వాలుతో మూతి కప్పుకుని, ఇంకా కాచుకునే ఉన్నాడు.