మొహం గాలి

మా సంత రోడ్డులో బళ్లకు కరెంటు పని చేసే మేస్త్రి పోయిన మంగళవారం విశాఖ ఆసుపత్రిలో చనిపోయారు. ఊపిరితిత్తుల జబ్బు. డుంబ్రిగుడ నుంచి ఘాటు దిగే జీపుల్లో ఆయన చెయ్యి పడనివి తక్కువ. నాదీ అందులో ఒకటి.

బండికి గాలి రావడం లేదని ఎవరొచ్చినా ఆయన కూర్చున్న చోటినుంచే అడిగేవారు. "ఏ గాలిరా? కాలి గాలా, మొహం గాలా?" కాలి గాలంటే టైర్లది. మొహం గాలంటే అద్దానికి పట్టిన మంచు పోగొట్టే బ్లోయరుది. టైరైతే ఎదురు షాపు చూపించేవారు. బ్లోయరైతే ముందు ఫ్యూజు చూసేవారు. కాలినదాన్ని మార్చి ఊరుకునే మనిషి కాదు. "అది ఉత్తినే కాల్దురా. లోపలేదో పట్టీసింది, ఆ సంగతి సెప్పడానికే కాలింది" అనేవారు.

చాలాసార్లు ఆ పట్టేసింది ఆకులే. కాఫీ తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్ల కింద బళ్లు పెడతాం. ఎండుటాకులు సందుల్లోంచి జారి బ్లోయరు పంకాకు అడ్డం పడతాయి. మా డ్రైవర్లు ఆకులు తియ్యరు. కాలిన ఫ్యూజు చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేస్తారు. మేస్త్రి ఆ కాగితం లాగి డ్రైవరు జేబులోనే కుక్కేవారు. "అట్టుకెల్లి మీ గుంట జడకి కట్టు."

ఇన్నేళ్లు చలికాలంలో దారి కనబడుతూ ఘాటు దిగామంటే అది ఆయన పని.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది నా జీపులోనే. పొద్దున్నే బయలుదేరాం. ఆయన ముందు సీట్లో, ఆయన భార్య వెనక. చలిగాలి తగిలితే దగ్గు ఆగదని కిటికీలు మూసేశాం. అనంతగిరి దగ్గర బ్లోయరు ఆగిపోయింది. అద్దం తెల్లబడింది. దారి కనబడలేదు. పక్కకు ఆపాను.

"ఆ కాగితమేదో పెట్టీ తమ్ముడా, బేగి పోదాం. ఈయన ఊపిరి సూడు" అందామె.

మేస్త్రి తల అడ్డంగా ఊపారు. "కాగితమెడితే వైరు కాల్తాది. పొగొస్తే... నాను తట్టుకోలేను. ఆకులు తియ్యి."

"ఇప్పుడు ఆకులేటి, సచ్చిపోతావు" అందామె.

బ్లోయరు ఆయన కాళ్ల దగ్గరే ఉంటుంది. నేను ఆ కాళ్లు పక్కకు జరిపి, మరలు విప్పి చెయ్యి పెడితే గుప్పెడు ఆకులు వచ్చాయి.

"వేలెట్టి తిప్పు. తిరుగుతోందేటి?"

"తిరుగుతోంది మేస్త్రీ."

"ఫోను ఛార్జింగు ఫ్యూజు తీసి ఎట్టు. అదే రంగు, సూసుకో."

గాలి వచ్చింది. అద్దం కింది నుంచి పైకి తేటపడింది. ఆమె వెనక నుంచి ఆయన భుజాల మీద దుప్పటి సర్దింది.

ఆసుపత్రిలో ఆయన ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు పెట్టారు. నా వైపు చూసి వేలితో దాన్ని చూపించారు. "మొహం గాలే మేస్త్రీ" అన్నాను. కళ్లతో నవ్వారు. ప్రాణంతో ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఆయన పోయాక తిరుగు దారిలో ఆమె నా జీపులో వచ్చింది. ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు. ఘాటులో మంచు దిగింది. మా ముందు ఆయన్ని తెస్తున్న వ్యాను, మలుపు మలుపుకీ కనబడి మాయమవుతోంది. దానికి వెనక ఎడమవైపు లైటు వెలగడం లేదు.